సుధ చెప్పిన రెండు రష్యన్ మాటలు

సరళా,

ఈరోజు నీ మూడో సంవత్సరీకం. భోజనాలయ్యాక నీ కూతురు సుధా, నేనూ మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నాం. దాన్ని డాక్టరు చదువుకు రష్యా పంపాలని మీ ఆయన పట్టుబట్టాడు. అందుకని ఆ భాష నేర్చుకుంటోంది. పాఠం నేనే అప్పజెప్పించుకుంటాను. "ఖచూ" అంటే నాకు కావాలి, "మగూ" అంటే నేను చేయగలను. మనిషి మారితే మాట రూపమూ మారిపోతుంది. పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్క తప్పూ వదలను.

నాన్నకు కావాలి, మామయ్య చేయగలడు, ఇవన్నీ తడుముకోకుండా చెప్పింది. తన దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"ఏమే, మర్చిపోయావా?"

"లేదమ్మమ్మా. నాకు వెళ్ళాలని లేదు."

"ఆ మాట మీ నాన్నతో అను."

అంతలో మీ ఆయన రానే వచ్చాడు. అది లేచి నిలబడి, "యా ని ఖచూ, యా ని మగూ" అంది. నాకు ఇష్టం లేదు, నా వల్ల కాదు అని.

మీ ఆయన చప్పట్లు కొట్టాడు. "అబ్బో, అప్పుడే దంచేస్తోందే! వింటున్నారా అత్తయ్యగారూ?"

అర్థం నేను చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"నన్ను చేసుకోను, చదువుకుంటానని సరళ అంటే మీరు విన్నారా? ఇప్పుడు నాకు చెబుతున్నారు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

సుధ తలవంచుకుని మళ్ళీ తొడిమలు తీయసాగింది.

అది భయపడి రష్యన్‌లో చెప్పింది. నువ్వు నాతో తెలుగులోనే చెప్పావు.

అమ్మ