ఎండకు వంగిన గిటారు మెడ

మధురానగర్,
ఆదివారం.

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు. అన్నయ్యా, మీ మోకాలు ఎలా ఉంది? పొద్దున్నే చల్లటి గచ్చు మీద కూర్చోవద్దని వదినచేత చెప్పించాను, విన్నారో లేదో. మేమిద్దరం కులాసా. నా గురించి బెంగ వద్దు. మనవరాలు శ్రావణి ఆఫీసుకి వెళ్లాక మధ్యాహ్నాలే కాస్త పొడుగు. చుట్టూ హాస్టళ్లే, కూర్చుని మాట్లాడేవాళ్లు లేరు. తిండికి లోటు లేదు. వదిన వడియాలు మాత్రం అయిపోయాయి, ఎవరైనా వస్తుంటే పంపండి.

పోయిన వారం ఒక పొరపాటు చేశాను. వానలు తెరిపిచ్చాయని, అమ్మ నేర్పినట్టే పరుపులు, పట్టుచీరలు డాబా మీద ఎండేశాను. కర్రకు చెమ్మ పట్టి ఉంటుందని శ్రావణి బాస్ గిటారు కూడా వాటి పక్కనే పెట్టాను. నాలుగు లావు తీగల వాద్యం అది. సాయంత్రానికి దాని మెడ ముందుకి వంగి, తీగలు పైకి లేచిపోయాయి. శనివారం వాళ్ల ఆఫీసు వేడుకలో పిల్ల మొదటిసారి నలుగురిలో వాయించాలి. పైగా నన్నే ఓదార్చింది. అదే నాకు కష్టంగా తోచింది.

పంజాగుట్టలో వాద్యాల కొట్టుకి ఇద్దరం వెళ్లాం. కొట్టాయన ఒక కన్ను మూసి మెడ వెంట చూశాడు.

"ఎండల పెట్టిండ్రా?"

"నేనే పెట్టాను."

"ఫికర్ చెయ్యకుండ్రి పెద్దమ్మా. మా మిస్త్రీ ఊరికి పోయిండు, పదిరోజులైతది. లోపల ఇనుప కడ్డీ ఉంటది, ఇంట్ల మీరే బిగించుకోవచ్చు. పావు చుట్టు తిప్పి రాత్రంతా వదిలెయ్యుండ్రి. తొందరపడితే పుటుక్కుమంటది" అని ఆ కడ్డీ తిప్పే చిన్న కీ ఇచ్చాడు.

బుధవారం శ్రావణి తీగలు వదులు చేసి, పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసింది. తీగను మెడ రెండు చివరలా నొక్కి పట్టుకుంటే, నడుమ సందులో ఒక విజిటింగ్ కార్డు సరిగ్గా పట్టాలట. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులవాళ్లు నా చేతిలో పెట్టిన కార్డు దూర్చి చూశాం. ఇంకా చాలా సందుంది.

"ఇంకో చుట్టు తిప్పేస్తాను అమ్మమ్మా, టైం లేదు."

"పావు అన్నాడు. రాత్రంతా అన్నాడు. కీ ఇటివ్వు."

"పోపులో ఆవాలు కూడా లెక్కపెట్టే వేస్తావు నువ్వు."

"అందుకే మాడవు."

అప్పుడు నవ్వింది. కీ కొంగున ముడివేసుకున్నాను.

గురువారం మరో పావు. శుక్రవారం శ్రావణి కీ పెట్టి ఆగిపోయింది. కీ తీసి నా చేతికిచ్చింది.

"నువ్వు తిప్పు అమ్మమ్మా."

"పాడుచేసిన చెయ్యే ఇది."

"అయినా నువ్వు తొందరపడవు."

తిప్పాను అన్నయ్యా. కార్డు సరిగ్గా పట్టింది.

నిన్న వేడుకకి నన్నూ తీసుకెళ్లింది. ఆ హోరులో దాని వాద్యం చప్పుడు ఏదో నాకు తెలియలేదు. పక్కనున్న అమ్మాయినడిగితే, "చెవుల్లో కాదండీ, గుండెల్లో దడదడమంటోందే, అదే శ్రావణిది" అంది. గుండె మీద చెయ్యి వేసుకున్నాను. పాట అయిపోయేదాకా తియ్యలేదు.

పిల్లకి మీ ఇద్దరి దీవెనలు నాలుగు ముక్కల్లో రాసి పంపండి, చదివి వినిపిస్తాను. నాకూ మీ ఆశీస్సులు కావాలి. మందులు మానకండి.

మీ చెల్లెలు,
అన్నపూర్ణ