పాసు మీది బ్లడ్ గ్రూపు

మే 13, మంగళవారం

ఒక మనిషి పని పోగొట్టాను. నన్నెవరూ అడగలేదు. నేనే నోరు తెరిచాను.

ఈ హిందీ ఊరు జాముల్‌లో, మా ఫ్యాక్టరీ షెడ్డులో పొద్దున్న పక్క కాంట్రాక్టరు మనిషి పాదమ్మీద ఇనప ప్లేటు పడింది. అతనెవరో నాకు తెలీదు. అమ్మో నా కాలు అని తెలుగులో అరిచాడు. గ్యాస్ కట్టర్ ఆపి పరిగెత్తాను. బూటు కోసి, నా చున్నీ బిగించి కట్టాను. రక్తం ఆగట్లేదు. వాళ్ళ సూపర్‌వైజర్ సత్యప్రసాద్ అతని మెడలో గేటు పాసు చూసి, రమణ, బి పాజిటివ్ అని ఫోన్లో చెబుతున్నాడు. పాసు మీద ఫొటో చూశాను. ఇతను కాదు. సార్, ఇది వేరేవాడి పాసు, ఆ గ్రూపు రక్తం ఎక్కిస్తే చచ్చిపోతాడు అని అరిచాను.

వెనకాలే సేఫ్టీ ఆఫీసర్ ఉన్నాడు. నేను చూళ్ళేదు.

మే 14

హాస్పిటల్‌కి వెళ్ళాను. రెండు వేళ్ళు తీసేశారు. గ్రూపు సంగతి చెబితే నర్సు దీదీ నవ్వింది. కార్డు చూసి రక్తం ఎవరెక్కిస్తారు, టెస్టు చేశాకే కదా అంది. అసలు రక్తం ఎక్కించాల్సిన పనే పడలేదట.

మే 15

అతని పేరు పోలయ్య. రమణ అతని బావ, వైద్యానికి ఊరెళ్ళాడు. హాజరు పడకపోతే పాసు పోతుందని నాలుగు నెలలుగా ఆ పాసుతో పోలయ్య వస్తున్నాడు. సత్యప్రసాద్‌కి మొదట్నుంచీ తెలుసు. ఏటి రమణా, ఊరెళ్ళొచ్చి పొడుగయ్యావు అని రోజూ వెటకారమాడేవాడట. ఇప్పుడేమో ఎవడో బయటివాడు దొంగపాసుతో చొరబడ్డాడని రిపోర్టు రాశాడు. రమణ పాసు రద్దు. ఆ రిపోర్టు ప్రకారం పోలయ్య అసలక్కడ పనే చెయ్యలేదట!

పోలయ్య భార్య సింహాచలమ్మ నన్ను తిట్టలేదు. నా మొగుడి పనీ మా అన్న పనీ ఒక్క అరుపుతో పోయాయి తల్లీ అంది. నీకు పుణ్యముంటాది, ఇంక మాకేటీ సాయం చెయ్యకు అంది.

మే 16

టిఫిన్ దగ్గర నాతో పనిచేసే ఛాయ చెయ్యి చాపి, డాక్టర్ కల్యాణమ్మా, నా గ్రూపు కూడా చెప్పవే అంది. అందరూ నవ్వారు. పాసు సంగతి వీళ్ళందరికీ కూడా తెలుసు. ఒక్కరూ నోరు విప్పరు.

మే 17

వచ్చే మంగళవారం ఎంక్వైరీ. సాక్షి కాగితం రాశాను. పోలయ్య పని చేస్తుంటేనే దెబ్బ తగిలింది, సత్యప్రసాద్ తెలిసే పని చేయించాడు అని. స్కూల్లో చదివింది హిందీ కాబట్టి హిందీలోనే రాశాను. తెలుగు అక్షరాలు నాకు గోడ మీది కేలండర్ నేర్పింది.

ఇది ఇస్తే వైద్యం ఖర్చు కాంట్రాక్టరు నెత్తిన పడొచ్చు. దొంగపాసు కేసు పోలయ్య నెత్తిన పడొచ్చు. ఏది పడుతుందో నాకు తెలీదు. మొన్నటిదాన్నయితే ఈపాటికి ఇచ్చేసేదాన్ని.

మే 18, ఆదివారం

పోలయ్యన్నా, ఈ పేజీ చింపి సింహాచలమ్మ వదిన చేతికిస్తాను. సాక్షి కాగితం ఇవ్వనా, చింపనా? తిట్టినా సరే, జవాబు కావాలి. మంగళవారం పొద్దున్న ఎనిమిదికి గేటు దాటుతాను. ఆలోగా చెప్పు. చెప్పకపోతే నోరు విప్పను.