నిరభ్యంతర పత్రం

వట్లూరు,
12-6-2006.

రామనాథం మాస్టారికి మొహిద్దీన్ నమస్కారాలు.

నేనూ, నా కుట్టుమిషనూ, వీధిలో వాళ్ళూ బాగానే ఉన్నామండి. అమ్మగారి కాలి ఆపరేషన్‌కని మీరు తణుకు వెళ్ళి అప్పుడే రెణ్ణెల్లయింది. మీ ఇంటి తాళం రోజూ చూస్తున్నాను. తాళం కూడా బాగానే ఉందండి.

మొన్న నలుగురు మనుషులు టేపు పట్టుకుని మీ మేడ ఎక్కారు. కొలతలు తీస్తుంటే, టైలర్ని కదా, "ఎవరికండీ చొక్కా?" అనడిగాను. సెల్ టవరుకి అన్నారు.

మా కోడలు షాయిస్తాకి ఐదో నెల. ముందు రెండుసార్లు నిలవలేదని మీకు తెలుసు. టవరు కిరణాలు కడుపులో బిడ్డకి మంచివి కావని తాడేపల్లిగూడెం నుంచి దాని తల్లి ఒకటే గోల. నిజమో అబద్దమో నాకు తెలీదండీ. భయం మాత్రం నిజం. పిల్ల అన్నం తినడం మానేసింది. మీ మేడకీ దాని గదికీ మధ్య పిట్టగోడే కదండీ అడ్డం. మీరు వద్దనండి మాస్టారూ. మీరు వద్దంటే ఆగిపోద్ది.

ఇట్లు,
మీ శిష్యుడు (ఏడో తరగతి, రెండుసార్లు)
మొహిద్దీన్

తా.క.: వాళ్ళు టేపు పెట్టిన రోజు నుంచీ వెంకటనరసమ్మగారింట్లో పెరుగు తోడుకోవట్లేదంట. టేపుకే ఇలా ఉంటే టవరొస్తే గేదె ఈనదేమోనని ఆవిడ బెంగ.

---

తణుకు,
20-6-2006.

చిరంజీవి మొహిద్దీన్‌కు రామనాథం ఆశీస్సులు.

మా ఆవిడ, అదే మీ అమ్మగారు, నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. షాయిస్తాని వేళకి తినమని చెప్పమంది.

కంపెనీవాళ్ళు నన్ను అడిగిన మాట నిజమే. వీధివారి మాట కాదని నేనేమీ చేయను. కంపెనీవాళ్ళొక నిరభ్యంతర పత్రం ఇచ్చారు, జతపరుస్తున్నాను. ఇంటింటికీ చూపించు. సంతకాలు వస్తే ఆ ప్రకారమే జరుగుతుంది. ఇందులో నాదేమీ లేదు.

ఇట్లు,
రామనాథం

తా.క.: 'అబద్ధం'లో ద కింద ధ వత్తు. ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నాను.

---

వట్లూరు,
2-7-2006.

మాస్టారికి మొహిద్దీన్ వెయ్యి దండాలు.

ముప్పయ్యెనిమిది సంతకాలు, ఐదు వేలిముద్రలు! మిషను మూసేసి పది రోజులు తిరిగానండి. కాగితానికి పైన పేరొక్కటే తెలుగు, కిందంతా ఇంగ్లీషు. పంచాయతీ ఆఫీసు భాస్కరరావుగారికి చూపిద్దామంటే ఆయన ఊళ్ళో లేరు. అందుకని అడిగినవాళ్ళకల్లా పేరే గట్టిగా చదివి వినిపించాను. వెంకటనరసమ్మగారు రెండు వేలిముద్రలు వేశారు, ఒకటి తనకి, ఒకటి గేదెకి.

షాయిస్తా నిన్న రెండు ముద్దలు ఎక్కువ తిందండి. మీ చలవే.

ఇట్లు,
మొహిద్దీన్

తా.క.: మీ పేరు నిలబెట్టానండి. "నిరభ్యంతరం అంటే ఏంటి?" అని ఎదురింటి వెంకటలక్ష్మిగారు అడిగితే తడుముకోకుండా చెప్పాను. నిరంతరం అంటే ఆగకుండా ఎప్పుడూ ఉండేది కదా, అలాగే ఎప్పటికీ ఆగని అభ్యంతరం నిరభ్యంతరం. ఒకసారి వద్దంటే కంపెనీవాళ్ళు మళ్ళీ వస్తారని మాస్టారు గట్టి మాట వేయించారు అన్నాను. అంతా భేష్ అన్నారు.

---

తణుకు,
10-7-2006.

చిరంజీవి మొహిద్దీన్‌కు ఆశీస్సులు.

సంతకాలు అందాయి. కాగితం పంపవలసిన చోటికి పంపించాను. వీధివారందరికీ నా కృతజ్ఞతలు చెప్పు. మీ అమ్మగారు లేచి నాలుగడుగులు వేస్తోంది.

ఇట్లు,
రామనాథం

తా.క.: దారిలో వాన పడ్డట్టుంది. నీ ఉత్తరంలో తా.క. అంతా అలుక్కుపోయి వచ్చింది. ఒక్క అక్షరమూ తెలియలేదు. ముఖ్యమైనదేమీ కాదనుకుంటాను.

---

వట్లూరు,
18-9-2006.

మాస్టారికి మొహిద్దీన్ నమస్కారాలు.

ఏ మొహం పెట్టుకుని రాయనండీ. టవరు లేచి నిలబడిపోయింది.

ఇనుము దిగిన రోజున వీధంతా కలిసి అడ్డం వెళ్ళాం. ఇంజనీరు నవ్వి కాగితం తీశాడు. "మాకేం అభ్యంతరం లేదని మీరే కదండీ రాసిచ్చారు" అన్నాడు. భాస్కరరావుగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి నెత్తి కొట్టుకున్నారు. మొదటి సంతకం నాదేనండి.

మీ తప్పేం లేదు. మేమంతా ఒప్పుకున్నామనే మీరు అనుకుని ఉంటారు. ఆ తా.క. తడవకపోతే మీరు ఆ రోజే టెలిగ్రాం కొట్టి ఆపించేవారు. నాకా వాన మీద ఇంకా కోపం తగ్గలేదు. ఆ ఉత్తరంలో మీరు తప్పులేమీ దిద్దకపోతే నా తెలుగు బాగుపడిందనుకుని మురిసిపోయాను, చూడండి నా ఖర్మ. మీ దగ్గర చదివి మీ పరువు తీశాను. క్షమించండి.

వీధిలో నన్నిప్పుడు 'నిరభ్యంతరంగారూ' అని పిలుస్తున్నారు. "మీకు అభ్యంతరం లేకపోతే చేతులు కాస్త పొడుగు పెట్టండి" అంటున్నారు చొక్కాకి గుడ్డ ఇచ్చి. అది సరే. షాయిస్తా మాత్రం నన్ను తిట్టినా బాగుండేది. గోడవైపు తిరిగి పడుకుంటోంది. అబ్బాయి సమీర్ కైకలూరులో ఐస్ ఫ్యాక్టరీలో చేస్తున్నాడు కదా, రేపు అందరం అక్కడికే వెళ్ళిపోతున్నాం. మీ తాళంచెవి పోస్టుమ్యాన్ కృపావరంగారికి ఇచ్చాను.

ఇట్లు,
తెలుగు రాని
మొహిద్దీన్

తా.క.: టవరు వచ్చిన నాలుగో రోజున వెంకటనరసమ్మగారి గేదె ఈనింది. పెయ్యదూడ. ఇంకో టవరు కూడా పెట్టించమంటున్నారావిడ. వీధిలో నాతో మాట్లాడేది ఆవిడొక్కరే.

---

వట్లూరు,
26-11-2006.

మొహిద్దీన్‌కు రామనాథం నమస్కరించి వ్రాయునది.

ఆశీస్సులని మొదలుపెట్టి కొట్టేశాను. నీకు ఆశీస్సులిచ్చే అర్హత నాకు లేదు.

ఆ వారం తణుకులో చుక్క వాన పడలేదు. నీ ఉత్తరం అప్పడంలా పొడిగా వచ్చింది. నీ తా.క. ప్రతి అక్షరమూ చదివాను, ఒకసారి కాదు. 'నిర్' అంటే 'లేదు' అని ముప్పయ్యేళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టి చెప్పినవాణ్ణి, ఆ ఒక్క రోజు ఎర్రసిరా కలం మూసి జేబులో పెట్టుకున్నాను.

ఎందుకో కూడా చెబుతాను. మీ అమ్మగారి వైద్యానికి ఈ ఇల్లు అమ్మాల్సిన పరిస్థితి వచ్చింది. టవరు అద్దె వస్తే అమ్మక్కర్లేదు. ఈ మాట నీకు సూటిగా రాసి ఉండవలసింది. నువ్వు మరో దారి చూసేవాడివి, కనీసం షాయిస్తాని ముందే కైకలూరు పంపేవాడివి. పాత శిష్యుడి దగ్గర 'కష్టంలో ఉన్నాను' అనడానికి నామోషీ. అబద్ధమాడటానికి మాత్రం నామోషీ అనిపించలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను మొహిద్దీన్.

షాయిస్తాకి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా కులాసాయేననీ మేము తిరిగొచ్చిన రోజున తాళంచెవి ఇస్తూ కృపావరం చెప్పాడు. అరుగు మీద కూలబడి ఏడ్చాను. అది మీ అదృష్టం, అందులో నా మంచితనమేమీ లేదు. భయంతో ఆ పిల్ల పడ్డ నాలుగు నెలలు నేను తిరిగివ్వలేను.

టవరు తీసెయ్యమని కంపెనీవాళ్ళని బతిమాలాను. పన్నెండేళ్ళ అగ్రిమెంటు, నా సంతకం నాకే చూపించారు. పోనీ ఇల్లే అమ్మేద్దామంటే నెత్తిన టవరున్న ఇల్లు ఎవరూ కొనరట. నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఊరంతా సిగ్నలే, టవరు కింద మా ఇంట్లో మాత్రం ఒక్క గీతా రాదు.

నిన్న వీధిలో ఇంటింటికీ వెళ్ళి నిజం చెప్పాను. తప్పు నీది కాదన్నాను. ఎవరూ నన్ను కూర్చోమని కూడా అనలేదు. మీ ఇంటికి తాళం అలాగే ఉంది. మిషను చప్పుడు లేక పొద్దు గడవటం లేదు.

ఇట్లు,
రామనాథం

తా.క.: ఇవాళ పొద్దున మీ అమ్మగారికీ చెప్పేశాను. అప్పటి నుంచీ ఆవిడ నాతో మాట్లాడటం లేదు. నాకు జవాబు రాయాలని నీకు లేకపోతే, ఆవిడకైనా రెండు ముక్కలు రాయి. కవరు మీద ఆండాళ్ళు గారు అని రాయి. నేను విప్పను.