రెండు మందపాటి ముక్కలు

ఫుమియేకు,

హిమేజిలో వానలు పట్టుకున్నాయి. ఆరవేసిన నా చొక్కాల తడి ఎన్నాళ్ళకూ వదలడం లేదు. మత్సుమోతోలో మీ అక్కగారింట ఎలా ఉన్నావో నీవు వ్రాయలేదు కనుక నేనూ అడగను.

నీవు బల్లమీద వదలి వెళ్ళిన విడాకుల కాగితంపై నా పేరు ముద్ర వేయలేదు, వేయను. జీవితమంతా బడిపిల్లలకు వాక్యనిర్మాణం నేర్పినవాడిని. కారణం చెప్పని నిర్ణయాన్ని నేను అంగీకరించలేను. ఆ ఆదివారం పెనంమీద మాంసం కాలుతుండగా నీవన్నది ఒక్కటే మాట: "ఏమండీ, ఇంక నావల్ల కాదు." ఏది కాదో చెప్పలేదు. అప్పుడు నా చేతిలో పట్టకారు ఉన్నది. అది పక్కన పెట్టి నీ మాట వింటూ కూర్చుంటే ముక్క మాడిపోయేది.

మన ఇంట్లో ఏ ఆదివారమైనా ఏ ముక్క ఎప్పుడు కాలిందో నిర్ణయించినది నేను. లోపల ఎరుపన్నది మిగలకుండా కాల్చి, మొదటి ముక్క నీ పళ్ళెంలోనే వేసేవాడిని. నీవు ఒకటి రెండు తిని, ఆపైన ఉల్లిచక్రాలతో, క్యాబేజీతో సరిపెట్టుకునేదానవు. నీ మితాహారాన్ని తోటి ఉపాధ్యాయుల ముందు ఎంతగా మెచ్చుకునేవాడినో నీకు తెలియదు.

వచ్చే ఆదివారం అమ్మాయి సాయోరి కోబె నుంచి వస్తున్నది. నీవు వెళ్ళిపోయిన సంగతి దానికి చెప్పలేదు. మాంసం నానబెట్టి, మీ అక్కతో కలిసి వేడినీటి బుగ్గలకు వెళ్ళావని చెబుతాను. బల్లమీద నీ చేతిరుచి ఉంటే అది నమ్ముతుంది. అది నమ్మితే, నీవు తిరిగి వచ్చేదాకా ఈ ఇంటి మర్యాద నిలుస్తుంది. కనుక నానబెట్టే విధం వెంటనే వ్రాసి పంపు.

నిన్న మాంసం సంగతి ముందుగా చెప్పి రావడానికి ఇవాసె మాంసం కొట్టుకు వెళ్ళాను.

"అరే, మాస్టారే వచ్చారే! అమ్మగారు మిమ్మల్నీ పనిలో పెట్టేశారా?" అని ఇవాసె పళ్ళికిలించాడు. "పల్చటి ముక్కలేగా? అమ్మగారు ఎప్పుడూ రెండు మాత్రం మందంగా కోయించుకుంటారు. అవీ కొయ్యనా?"

ఎక్కువ మాంసం అంటగట్టే ఎత్తు అని గ్రహించి, "మా ఇంట్లో అటువంటి అలవాటు లేదు" అన్నాను.

"మీరంటే సరే మరి," అని తల గోక్కున్నాడు.

తెయిజో


ఫుమియేకు,

వాన ఆగలేదు. నీ కార్డు శనివారం అందింది. "సోయా సాస్, సాకే, చక్కెర, వెల్లుల్లి, నువ్వులనూనె. కివీ పండు తురుము చివర్న. బియ్యం పొయ్యిమీద పెట్టినప్పుడు కలపండి, అన్నం అయ్యేసరికి తీసెయ్యండి. అంతకంటే ఉంచకండి." క్షేమసమాచారం ఒక్క ముక్కైనా లేదు. ఎక్కువ నానితే రుచి ఎక్కువ పడుతుందని తలచి, ఆ సాయంత్రమే కలిపి పెట్టాను. మరునాడు మూత తీస్తే ముక్కలు లేవు, ముద్ద ఉన్నది. పట్టకారుతో పడితే జారిపోయింది.

సాయోరి చూసి పకపక నవ్వింది. "నాన్నా, కివీ వేసి రాత్రంతా ఉంచావా? ఇది మాంసమా, జావా?"

"మీ అమ్మే కలిపి వెళ్ళింది."

నవ్వు ఆగిపోయింది. "అమ్మ ఎక్కడుందో నాకు తెలుసు. వెళ్ళే ముందే చెప్పింది. నువ్వు ఎంతవరకు లాగుతావో చూద్దామని ఊరుకున్నా."

సంచిలోంచి పొట్లం తీసింది. దారిలో ఇవాసె కొట్టులో కోయించినవట, రెండు మందపాటి ముక్కలు. నా చేతిలోని పట్టకారు లాక్కుని, ఒకటి పెనంమీద వేసి, రెండు వైపులా రంగు మారగానే తీసేసింది.

"ఇంకా ఎర్రగానే ఉన్నది," అన్నాను.

"అమ్మకు ఇలాగే ఇష్టం."

"మీ అమ్మ ఇలా తినగా నేనెన్నడూ చూడలేదే!"

"నువ్వెలా చూస్తావు? ప్రతి ఆదివారం నువ్వు స్నానానికి వెళ్ళగానే వంటింట్లో నిలబడి తినేది. నాకు సగం పెట్టి, 'నాన్నకు చెప్పకే' అనేది. నువ్వు బల్ల దగ్గరికి పిలిచేసరికి మా కడుపులు నిండేవి."

నేను పదిమందికి చాటిన మితాహారం అది! "ఒక్కమాట నాతో అనలేకపోయిందా?" అన్నాను.

"పెళ్ళైన కొత్తలో అన్నదట. 'నెత్తురు కారే మాంసం నక్కలు తింటాయి' అన్నావట."

అటువంటి మాట అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు.

నీవు కోరినట్టే కాగితంపై ముద్ర వేసి దీనితో పంపుతున్నాను. ఇక కారణం అడగను. నాతో ఒకే బల్ల దగ్గర కూర్చుని, అంతకుముందే భోజనం ముగించుకున్న మనిషిని తిరిగి రమ్మని పిలవడం నాకు చేతకాదు.

రెండవ ముక్కను అమ్మాయి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళింది. ఈ మధ్యాహ్నం దానిని రంగు మారగానే తీసి, వంటింట్లో నిలబడి తిన్నాను. రుచిగా ఉన్నది. అమ్మాయికి సగం పెట్టినదానవు, ఏదో ఒక ఆదివారం నన్నూ లోపలికి పిలిచి ఒక ముక్క పెట్టవలసింది.

తెయిజో