తడిసిన బొరియలు

ఏప్రిల్, రెండో శుక్రవారం. పొద్దున్నే ఎండ, పొడిగాలి. గేటు కిర్రుమనకుండా నూనె వేశాను.

రాజన్నా, నువ్వు ఊళ్లో కన్నుమూసి నేటికి ఏడాది. ఈ గల్ఫు ఎడారిలో కంచె వెంట కాపలా తిరుగుతూ నాకు దబ్ అనే ఈ బల్లిని చూపించింది నువ్వే. "ఉడుము లెక్కనే ఉంటది గని గడ్డి తింటదిరా. దాని జోలికి పోవద్దు" అన్నావు. ఏ బొరియ ఏ స్తంభానికి ఎన్ని అడుగులో రోజూ రాయమన్నదీ నువ్వే. ఆరేళ్లు రాశాను.

ఈ రోజు చూస్తే బొరియల మూతులన్నీ తడిగా ఉన్నాయి. వాన పడి నెలలైంది. ఎవరో నీళ్లు పోసి, ఊపిరాడక బయటికొచ్చినవాటిని పట్టుకుపోయారు.

ట్యాంకర్ నడిపే మల్లేశాన్ని అడిగాను.

"ముదీర్ దోస్తులు షికారుకొచ్చిండ్రు. ట్యాంకర్ నేనే తోలిన. మేనేజర్ ఆయనే, కాదంటే నన్ను ఉంచుతడా?"

"జాగలెట్ల తెలిసినయిరా?"

"నీ పుస్తకమే అన్నా. రాజన్న పోయేముందు ఫోన్ల ఫోటోలు కొట్టి ముదీర్‌కిచ్చిండు. ఆయనకు ఎగ్జిట్ ఊకెనే వచ్చిందనుకున్నవా?"

నీ జబ్బు ముదిరినా మేనేజర్ మూడుసార్లు ఇవ్వనన్న ఎగ్జిట్, దేశం విడిచి ఇంటికి పోయే అనుమతి, నాలుగోసారి ఎలా దొరికిందో అప్పుడు నేనడగలేదు. ఇంటికి పోతున్నావని సంతోషపడి నీ పెట్టె నేనే కట్టాను. పుస్తకం అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణేమో. నువ్వు అడగలేదు.

ఒక్క బొరియ మాత్రం తడవలేదు. నువ్వు వెళ్లాక కొత్తగా వచ్చింది ఇదొక్కటే, పోయిన వారం తవ్వుకున్నది, నేనింకా రాయనిది. మధ్యాహ్నం అందులోంచి ఒకటి బయటికొచ్చి ఎండ కాచుకుంది. అలవాటుగా పుస్తకం తీశాను. దబ్ ఒకటి, పెద్దది, తోక నిండా ముళ్లు, స్తంభం నంబరు… అక్కడే కలం ఆపి పుస్తకం మూశాను.