నారింజపూల బట్టీ ఎవరిదో తేల్చిన కాగితం

అల్లాహ్ పేరుతో. కాన్‌స్టంటీన్ ఊళ్ళో రాగిపనివాళ్ళ వీధిలో కొట్టు నడిపే అల్లావాని, తాహర్ కొడుకుని, వయసు యాభై మూడు. ఈ ఏడు చీటీలో నా పేరు వచ్చి హజ్‌కి బయల్దేరుతున్నాను. పోయినవాడు తిరిగి వస్తాడో రాడో కాబట్టి అందరిలాగే నేనూ వీలునామా రాస్తున్నాను. బుర్ర సరిగానే ఉంది. జ్వరం లేదు. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. నేను చదివింది ఆరో తరగతి, తప్పులుంటే దిద్దండి, మాటలు మాత్రం మార్చకండి. ఇందులో ఒక్క అక్షరం కూడా వేళాకోళం కాదు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పాల్సి వచ్చిందో నన్నెరిగిన వాళ్ళకి తెలుసు.

దీన్ని అమలు చేసే బాధ్యత మా చెల్లెలు జువీనా భర్త లఖ్దర్‌ది. తన పెళ్ళినాడు నేనిచ్చిన ఉప్పు కాఫీని ముఖం చిట్లించకుండా తాగిన మనిషి. అంత ఓర్పు ఈ పనికి అవసరం.

1. ఇల్లు, కొట్టు, అందులోని రాగి అంతా షరియత్ ప్రకారం మా చెల్లెలికీ, మా చిన్నాన్న కొడుకులకీ చెందుతాయి. నాకు పిల్లలు లేరు. చిన్నాన్న కొడుకులు నా జనాజాకి వచ్చేముందే కొలతల టేపు తెస్తారని తెలుసు. తెచ్చుకోనివ్వండి.

2. ఎదురు కొట్టు మవ్లూద్‌కి అతని సుత్తి. పందొమ్మిదేళ్ళుగా "ఒరేయ్, నా సుత్తి నువ్వే తీశావు" అంటున్నాడు. పందొమ్మిదేళ్ళుగా నేను ఖురాన్ మీద తప్ప అన్నిటి మీదా ఒట్టు వేశాను. తీసింది నేనే. రెండో రోజే ఇచ్చేద్దామనుకున్నాను గానీ, అతను వెతికే తీరు చూస్తే ఇవ్వబుద్ధి కాలేదు. చావుదాకా ఆగకుండా ఈరోజే ఇస్తున్నాను.

3. పూలనీళ్ళు దించే మా రాగి బట్టీలాంటిదే అల్యూమినియంతో చేసి బజారులో అమ్మేవాళ్ళ మీద నాకు కక్ష ఉండేది. హజ్‌కి వెళ్ళేవాడు కక్షలు వదిలెయ్యాలట. వదిలేశాను. కానీ అందులో దించిన పూలనీళ్ళు గిన్నె కడిగిన నీళ్ళలా ఉంటాయన్నది కక్ష కాదు, నిజం.

4. ఇక అసలు సంగతి. ఇది నేను చచ్చాక కాదు, వచ్చే గురువారమే అమలు కావాలి.

నారింజపూల నీళ్ళు దించే మన పాతకాలపు బట్టీ తల మీద చన్నీళ్ళు నిలబెట్టాలి. ఆవిరి తగిలి అవి కాగిపోతే, చెంబుతో తోడి పారబోసి మళ్ళీ నింపాలి. ఒక్క దింపుడికి ఏడుసార్లు. మా ఇంట్లో ఆ బకెట్టు మెట్లమీద మోసింది నా మాజీ భార్య యమీనా. ఒకరోజు చేతులు కాలి, బకెట్టు కింద పెట్టి అంది: "వేడినీళ్ళు పైకి తేలతాయి కదా. అంచు దగ్గర ఒక కొమ్ము పెట్టు. చన్నీళ్ళు అడుక్కి దిగేలా పొడుగు గరాటు పెట్టు. ఒకటి వస్తుంటే ఇంకొకటి దానంతటదే పోతుంది."

నేను మూడు రోజులు నవ్వాను. నాలుగో రోజు చేశాను. ఆ వసంతంలో వీధివీధంతా దాన్ని 'అల్లావా బట్టీ' అంది. నేను కాదనలేదు.

రాజధానిలో చేతిపనుల ప్రదర్శనలో దానికి పతకం ఇచ్చారు. ఇది ఎవరి ఆలోచన అని పతకం ఇచ్చిన పెద్దమనిషి అడిగాడు. యమీనా బకెట్టు పట్టుకుని నా వెనకే ఉంది. నేను అన్నాను: "బుర్ర నాది. మా ఆవిడది బకెట్టు." అందరూ నవ్వారు. అందరికంటే ముందు తనే నవ్వింది. అది చూసి ఇంకోసారి అన్నాను.

తిరుగు రైల్లో సెతీఫ్ ఊరు దాటాక యమీనా, "ఇంటికెళ్ళాకైనా నిజం చెబుతావా?" అంది. "ఎవరడిగారు?" అన్నాను. పూలకాలం అయ్యేలోపు పక్కూరు హమ్మాలో తన అన్న ఇంటికి వెళ్ళిపోయింది. పిలవడం చేతకాక, పంతానికి విడాకుల కాగితం మీద సంతకం పెట్టాను. పన్నెండేళ్ళయింది.

కాబట్టి ప్రకటిస్తున్నాను: ఆ బట్టీ కనిపెట్టింది యమీనా. నేను రాగి కొట్టినవాణ్ణి, అంతే. బట్టీల మీద కొట్టే నా ముద్ర అరగదీశాను. ఆమె పేరుతో కొత్త ముద్ర చెక్కాను. దాన్నీ పతకాన్నీ నేను ఇవ్వడం లేదు, ఆమెవి ఆమెకి అప్పగిస్తున్నాను.

5. షరియత్‌లో వారసులకి వీలునామా రాయకూడదు, బయటివాళ్ళకి ఆస్తిలో మూడోవంతు లోపు రాయొచ్చు. యమీనా, నిన్ను పోగొట్టుకున్నందుకు నాకు దక్కింది ఇదొక్కటే: నువ్వు వారసురాలివి కావు కాబట్టి నీకు రాసివ్వగలను. మా లోగిట్లో నారింజ చెట్టు ఇంటితోపాటే వారసులకి పోతుంది. దాని పూత, నువ్వు బతికున్నన్నాళ్ళూ, నీది. ఏటేటా ఒక్కణ్ణే దించిన పన్నెండు సీసాలు అలమరలో ఉన్నాయి. అవీ నీవే. మొదటివాటికి వాసన పోయుంటుంది. మూత తీసి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

6. ఆ బకెట్టు. దానిమీద నాకు హక్కు లేదు, అయినా ఒక షరతు.

హజ్‌కి ముందు అందరినీ క్షమాపణ అడగాలి. నీకు ఫోన్ చేశాను. "ఇదీ ఆటేనా, అల్లావా?" అని పెట్టేశావు. తప్పు నీది కాదు. అందుకే సాక్షుల ముందు, కాగితం మీద అడుగుతున్నాను. గురువారం మధ్యాహ్నం నమాజు అయ్యాక హమ్మాలో మీ గేటు ముందుకొస్తాను. తలుపు కొట్టను. లఖ్దర్ ఇది చదివి వినిపిస్తాడు, బకెట్టు నీళ్ళతో నింపి గుమ్మంలో పెడతాడు. ప్రయాణమైనవాడు క్షేమంగా తిరిగి రావాలని వెనక నీళ్ళు పోసే మనిషి ప్రతి ఇంట్లో ఉంటుంది. మా ఇంట్లో లేదు. మన్నిస్తే నా వెనక పొయ్యి. మన్నించకపోతే నా నెత్తిన పొయ్యి. నిండు బకెట్టుతో మాత్రం లోపలికి వెళ్ళిపోకు.

1447 షవ్వాల్ 25, సోమవారం. కాన్‌స్టంటీన్.

(సంతకం) అల్లావా, బట్టీ కనిపెట్టనివాడు

సాక్షి: సాలహ్, కాఫీ కొట్టు

సాక్షి: మవ్లూద్, రాగిపని. సుత్తి ముట్టింది. పిడి మార్చాడు దొంగ. నాలుగో అంకె నుంచి చివరిదాకా రాస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నాను. ఒక్కసారి కూడా నవ్వలేదని సాక్ష్యమిస్తున్నాను.