కాగితం మీద మూత

చిట్టితల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

మన పేటని బాగుచేస్తామని యూనివర్సిటీవాళ్లూ మునిసిపాలిటీవాళ్లూ కలిసి వచ్చారు. స్కూలు హాల్లో పేట పటం పరిచి, ఏ పని ముందు కావాలో అక్కడ అంటించమని తలా మూడు ఎర్ర చుక్కలు ఇచ్చారు. అందరూ పార్కుకీ బెంచీలకీ అంటించారు. నేను మూడూ తీసుకెళ్లి మీ అన్నయ్యని మింగిన మురుక్కాలువ మీదే అంటించాను.

"దానికి మూత వేసేశాం కదమ్మా, పటంలో చూడు" అన్నాడు ఇంజనీరు. నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే రా నాయనా, ఆ మూత మీద నాలుగడుగులు వేసి చూపించు" అని చెయ్యి పట్టుకుని కాలువ దాకా లాక్కెళ్లాను. హాలంతా మా వెనకే వచ్చింది. అక్కడ మూత ఉంటే కదా, ఇంజనీరు గట్టు మీదే ఆగిపోయాడు. యూనివర్సిటీ మేడం పెన్ను తీసి పటంలో మూతని కొట్టేసింది.

పార్కుకి అన్నయ్య పేరు పెడతాం, ఒప్పుకుంటూ సంతకం చెయ్యమన్నారు మునిసిపాలిటీవాళ్లు. ముందు మూత, తర్వాతే పేరు అన్నాను. "పెద్దవాళ్లతో నీకెందుకక్కా" అంటోంది మీ పిన్ని. కడుపుకోత పడ్డదాన్ని, వీళ్లకి భయపడతానా?

మూత వేయమని వాడు పోయే ముందు నెల రాసిన అర్జీ నకలు నీ పుస్తకాల్లో ఉంటుంది, వెతికి వెంటనే పంపు. గురువారం మీటింగులో నేనే కూడబలుక్కుని చదువుతాను. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

దుప్పటి చిరిగిందన్నావు, కుట్టుకున్నావా? పిన్ని నీకు దీవెనలు చెప్పమంది. వాణ్ని తలుచుకుని పస్తులుండకు. పోట్లాడే ఓపిక కోసం నేను రెండు పూటలా తింటున్నాను. నువ్వూ కడుపునిండా తిను తల్లీ.

మీ అమ్మ